తొమ్మిదిమందికి ఎన్ని అడుగులు?

హలో… ఆ, నేనే. అక్కనిరా… లేదు లేదు, ఎవరికీ ఏం కాలేదు. అందరూ బాగున్నారు. మధ్యాహ్నం నాలుగింటికి అక్క ఫోన్ చేస్తే ఏదో అయిపోయినట్టేనా?

నెలకోసారి మొదటి తారీఖున చేస్తాను, నిజమే… ఇవాళ పదిహేడు. అయినా చేశాను. ఏం, పెట్టేయమంటావా?

ముందు నీ వెనకాల ఆ ఇంజన్ ఆపించు… ఏంటీ?… ఒక్క ముక్క వినపడట్లేదురా. రేవు రేవంతా నా చెవిలోకి వచ్చేస్తోంది…

ఆ. ఇప్పుడు బాగుంది. తలుపేసుకున్నావా… మంచిపని.

టైము తక్కువ, అడ్డం రాకుండా విను. మీ బావ స్నానానికి వెళ్లారు. ఇక్కడ నీళ్ల చప్పుడు వినిపిస్తున్నంతసేపే మనకి మాటలు. ఆ చప్పుడు ఆగిందనుకో, నేను బట్టలు కుట్టించుకునేవాళ్లతో మాట్లాడుతున్నట్టు "జాకెట్టు రేపు ఇస్తానమ్మా" అంటాను. నువ్వు కంగారుపడి "ఏం జాకెట్టక్కా" అనకు. ఫోన్ పెట్టెయ్ చాలు.

నవ్వకు. నవ్వే టైము కూడా లేదు.

మేం బోటు కొంటున్నాం.

…

ఉన్నావా?… బోటురా. మోటారు బోటు. నువ్వు పొద్దున లేస్తే విప్పి బిగించేదే… ఎవరేంటి, మేమే. మీ బావా, నేనూ, పిల్లలూ, అత్తగారూ, మావగారూ. ఇంటిల్లిపాదికీ ఒకటి. పొద్దున వెళ్లి చూసి కూడా వచ్చాం.

ఎవరు నడుపుతారంటే… ఎగతాళి చెయ్యకురా. ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్న మనిషి. ఆ బస్సుకి ఒక్క గీత పడలేదు. బోటు నడపలేరా?… నేర్చుకున్నారు. మూడు నెలలు, ప్రతి ఆదివారం… మీ రేవులో కాదు, అవతలి రేవులో. నీ కంట పడకూడదని రెండు బస్సులు మారి వెళ్లారు పాపం.

తెలుసురా. మీ ఇద్దరికీ మాటల్లేవన్న సంగతి నువ్వు నాకు చెప్పాలా? రెండేళ్లు. ఆయన నీ ఊసెత్తరు, నువ్వు మా గుమ్మం తొక్కవు. నేను పిచ్చిదానిలా నెలకోసారి, ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు చూసి, నీకు ఫోన్ చేసుకోవాలి… అదంతా తర్వాత. ముందు బోటు సంగతి చెప్పు.

రెండున్నాయి. ఒకటి నీలంది, పదహారడుగులు. ఇంకోటి తెల్లది, ఇరవై. నీలందానికి అరవై గుర్రాల ఇంజన్ బిగించే ఉంది. తెల్లదానికి ఇంకా లేదు, మనం ఎంతంటే అంతది బిగించి ఇస్తారట… ఇవాళే. అయిదింటికి కొట్టు మూస్తాడు. ఈలోపు ఏదో ఒకటి చెప్పెయ్యాలి, రేపు పొద్దున్నే ఇంకెవరో వస్తున్నారట నీలందానికోసం.

గుర్రాలనే అన్నాడు కొట్టాయన… అది విని మా అత్తగారు ఇంటికొచ్చిందగ్గర్నుంచీ ఒకటే గొడవ. "అరవై గుర్రాలేంటే, పెరట్లో స్కూటరు పెట్టడానికే చోటు లేదు" అని… చెప్పాన్రా, శక్తికి అదో లెక్క అని. "మరి గుర్రాలని ఎందుకన్నాడు" అంటారు.

మీ బావా? ఆయనకి నీలంది నచ్చింది. కానీ అరవై చాలదట. పదహారడుగులదానికి తొంభై పెట్టిద్దాం, దూసుకుపోతుంది అంటున్నారు…

అంత గట్టిగా అరవకు, నా చెవి… పెట్టకూడదా? ఎందుకు?… వెనకభాగం బరువెక్కిపోయి… ఆ… అలలొస్తే వెనకనుంచి నీళ్లు ఎక్కేస్తాయా? అమ్మో… అంటే చంటిపిల్ల గౌనుకి కోటు గుండీలు కుట్టినట్టన్నమాట. బట్ట కిందకి జారిపోతుంది… అంతేగా? నువ్వు ఇట్లా చెప్తే నాకు అరటిపండు ఒలిచి పెట్టినట్టు అర్థమవుతుంది. ఆయనకి ఎవరు చెప్తారు?

బోటు పక్కన రేకా?… ఉంది ఉంది, చిన్న రేకు. ఫోటో తీసుకొచ్చాను. నీలందాని మీద ఆరుగురు అని ఉంది, ఇన్ని కిలోలనీ, అరవై గుర్రాలు మించకూడదనీ. తెల్లదాని మీద తొమ్మిదిమంది, నూటయాభై… ఆ రేకు మాటే వేదమా. సరే, వినిపిస్తోందిలే.

నేను ఊరికే వెళ్లలేదురా చూడ్డానికి. కొలతలు తీసుకునే వెళ్లాను… బోటుకి కాదు, మనుషులకి. బట్టలు కుట్టి బతికేదాన్ని, కొలవకుండా ఏదైనా కొంటానా? ఒక్కొక్కళ్ల సీటు కొలత తీసి, అన్నీ కూడాను. మూడువందల ఇరవై అంగుళాలొచ్చింది. మనిషికో అంగుళం లూజు వేసుకున్నా ఇరవై ఏడడుగులు దాటుతోంది. ఆ కొట్టాయన దగ్గరికెళ్లి "ఇరవై ఏడడుగుల బోటు చూపించండి" అన్నాను. ఆయన నన్నూ మీ బావనీ మార్చి మార్చి చూసి, "టికెట్లు పెట్టి నడుపుతారా అమ్మా" అన్నాడు.

ఎక్కడ కొలిచానేంటి… సీటంటే సీటే. నడుం కింద, టేపు చుట్టూతా తిప్పి…

…

ఏమైంది?… ఒరేయ్. ఎందుకురా అట్లా పొర్లి పొర్లి నవ్వుతున్నావు?… చుట్టూతా కొలిస్తే ఏం… చుట్టూతా…

ఆ. అవును. చుట్టుకొలత మీద ఎవరూ కూర్చోరు.

పప్పులో కాలేశాన్రా. ఇన్నేళ్లుగా టేపు పట్టుకుంటే చుట్టూ తిప్పడమే, అడ్డంగా పెట్టడం నా చేతికి రాదు. అందుకే కాబోలు, నేను లెక్క చెప్తుంటే కొట్టాయన బల్ల కిందకి వంగి ఏదో వెతుక్కున్నాడు. పెన్ను పడిపోయిందనుకున్నాను.

ఇంకా నవ్వుతున్నావా?… చాల్లే. ఎక్కిళ్లొస్తాయి. నీళ్లు తాగు.

…

తాగావా? ఇక్కడ ఇంకా పడుతున్నాయి నీళ్లు. తల రుద్దుకుంటున్నట్టున్నారు. విను.

వరసగా ఒకే బెంచీ మీద కూర్చోరా?… ముందు ఇద్దరు, మధ్యలో… వెనక… ఓహో. మరి నాకెవరూ చెప్పలేదే… అడ్డంగా కొలిచినా అంత రాదా? ఆగు, పుస్తకం తీస్తాను. కొలతల పుస్తకం నా పక్కనే ఉంది. చదువుతాను, నువ్వే కూడుకో.

మా అత్తగారు నలభై నాలుగు. ఈ సంగతి ఎక్కడైనా అన్నావో, నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు. మావగారు ముప్పై ఆరు. మీ బావ నలభై. నేను… నలభై రెండు. నోరు మూసుకో. పెద్దది ముప్పై రెండు, చిన్నాడు ఇరవై ఆరు. అంతే, ఇంటిల్లిపాదీ.

…

ఎంతొచ్చింది?… రెండొందల ఇరవయ్యేనా? సరిగ్గా కూడావా?… సరిగ్గానే కూడావు.

మిగతా వంద ఎవరివా… ఏ వంద అంగుళాలు?

…

నీళ్లు నమలడం లేదు. పేజీ తిప్పుతున్నాను, అంతే.

సరే, చెప్తాను. ముప్పై ఎనిమిది, నలభై, ఇరవై రెండు. ముప్పై ఎనిమిది నువ్వు. నలభై మరదలు. ఇరవై రెండు బుజ్జిది.

…

నేనెప్పుడు కొలిచానంటే… పుస్తకంలో ఉన్నాయిరా. ఆఖరిసారి మీరొచ్చినప్పటివి. నీకు గళ్ల ప్యాంటు కుట్టాను, మరదలికి రెండు జాకెట్లు, బుజ్జిదానికి ఆ పసుపు గౌను. అప్పుడు దానికి మూడేళ్లు. ఇప్పుడు అయిదు. ఎంత పెరిగిందో నాకేం తెలుసు? ఇరవై రెండే వేసుకున్నాను. మేనత్తని అయ్యుండి, ఊరందరి పిల్లలకీ కుట్టేదాన్ని అయ్యుండి, నా తమ్ముడి కూతురి కొలత నా దగ్గర లేదు. ఎంత బాధగా ఉంటుందో తెలుసా నీకు?… నీకూ ఉంటుందిలే.

ఇప్పుడు ఎంతుందో చెప్పు… నీకూ తెలీదా. నాన్నవి నువ్వు.

సరే. ఆరుగురైతే నీలంది, తొమ్మిదిమందైతే తెల్లది. అందుకే నీకు ఫోన్ చేశాను. ఎన్నడుగులు తీసుకోమంటావు?… బోటు గురించే అడుగుతున్నాను… కాదు. బోటు గురించి కాదు. తెలిసిందిగా, ఇంకెందుకు నన్ను తిప్పుతావు? వస్తావా రావా?

ఆయన రమ్మనరని నీకెవరు చెప్పారు?… ఆ మాట నాకూ గుర్తుంది. "నీ నీడ పడిన బోటు నేనెక్కను" అన్నారు. మరి ముందు నువ్వేమన్నావు? అందరి ముందూ, పిల్లల ముందూ, ఆ ఇసుక పడవవాళ్ల ముందూ, "మీకు బస్సులో సీటు చాలు బావగారూ, నీళ్లమీదకి రాకండి" అనలేదూ? ఆయనకి ఉన్నది ఒక్కటే గర్వం, డ్రైవరునని. సరిగ్గా అక్కడే కొట్టావు.

తప్పు ఆయనదే అంటావా… అవునురా, నువ్వు సరదాకి స్టీరింగు ఆయన చేతికిచ్చావు, నది నడిమధ్య ఇంజన్ ఆగిపోయింది. గంటన్నర కూర్చున్నాం. నువ్వు సెలవని పనిముట్లు ఒడ్డునే వదిలేసొచ్చావు. ఇసుక పడవవాళ్లు మనకి మోకు కట్టి లాక్కొచ్చారు. ఒడ్డున జనం తిరునాళ్లలా చూశారు. నేనేం మర్చిపోయాననుకున్నావా?

ఆ. "స్విచ్ తగిలించుకోమంటే తగిలించుకోలేదు" అని నువ్వు. "తగిలించుకున్నాను" అని ఆయన. "అయితే ఏది? నీళ్లలో పారేశారు" అని నువ్వు. "నేను పారెయ్యలేదు" అని ఆయన…

చెప్పేది విను. ఇప్పుడు చెప్పేది కూర్చుని విను.

కూర్చున్నావా?

పొద్దున ఆ కొట్టాయన నన్ను నీలం బోటు ఎక్కించి అన్నీ చూపించాడు. స్టీరింగు పక్కన ఎర్రగా ఒక తాడు వేలాడుతోంది. చుట్లు చుట్లుగా ఉంది, పాత ఫోన్ వైరులాగా. ఒక చివర కొక్కెం. "ఇది నడిపేవాళ్ల చొక్కాకి తగిలించాలమ్మా. ఈ తాడు ఊడిందంటే ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది, మనిషి నీళ్లలో పడితే బోటు అతని మీదకి పోకుండా. దీన్నే స్విచ్ అంటాం" అన్నాడు.

నేను ఆ తాడుని చేత్తో పట్టుకుని లాగి చూశానురా.

స్విచ్ అంటే గోడకి ఉండే స్విచ్చిలాంటిది అనుకున్నాను నేను. నొక్కేది. ఆ రోజు మీరు స్విచ్ స్విచ్ అని అరుచుకుంటుంటే నేను స్టీరింగు కింద గుండీలాంటిది ఏదైనా ఉందేమోనని చూశాను కూడా. తాడుని స్విచ్ అంటారని నాకెవరు చెప్పారు?

…

అదే చెప్పబోతున్నాను.

ఆయన వెనకే కూర్చున్నానా. కొత్త తెల్లచొక్కా, నేనే కుట్టాను, మొదటిసారి వేసుకున్నారు. దాని అంచుకి ఎర్రగా ఏదో వేలాడుతోంది. నా సంగతి నీకు తెలుసు కదా, వేలాడే దారం కనిపిస్తే నా చెయ్యి ఆగదు. పరాయి ఆడవాళ్ల చీరలకి కనిపించినా బస్సులోనే తెంపేస్తాను. లైఫు జాకెట్టు కట్టతోపాటు వచ్చిన తాడేమో, చొక్కాకి చిక్కుకుందేమో అనుకున్నాను. కొక్కెం విప్పి ఒక్క లాగు లాగాను. వచ్చేసింది. చుట్టి సంచిలో వేసుకున్నాను.

అంతలోనే ఇంజన్ ఆగింది. నేను పెట్రోలు అయిపోయిందనుకున్నాను.

…

మాట్లాడు.

…



ఏదంటే… ఆ తాడా. ఇక్కడే ఉంది. కత్తెర మాటిమాటికీ కింద పడుతోందని, దానికి కట్టి మెషీన్‌కి తగిలించాను… ఆ, రెండేళ్ల నుంచీ. బాగా సాగుతుంది, ఎంత దూరమైనా వస్తుంది, చాలా… సరే, బాగుందని ఇప్పుడు చెప్పకూడదు. ఆయన రోజూ దీని పక్కనుంచే డ్యూటీకి వెళ్తారు. కుట్టుగదిలో ఎర్రదారాన్ని ఎవరు చూస్తారు? చూస్తే నువ్వు చూడాలి. నువ్వు రాలేదు.

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?… రెండూనా.

ఎంతమందికి చెప్పావు?… రేవులో అందరికీనా? రెండేళ్లుగా, వచ్చిన ప్రతివాడికీ, "మా బావలాగా స్విచ్ నీళ్లలో పారెయ్యకండి" అనా?… దేవుడా. ఆ మనిషి అవతలి రేవుకి ఎందుకు వెళ్లారో ఇప్పుడర్థమైంది నాకు. నీ కంటపడతానని కాదు. జనం నవ్వుతారని.

నన్ను తిట్టు. తిట్టరా, కాస్త తేలికగా ఉంటుంది…

నీదేం తప్పు? నువ్వు మాట తూలావు, అంతే. తాడు లాగింది నేను. మీ ఇద్దరి మధ్యా ఉన్నదాన్నీ లాగేసింది నేనే.

లేదు, ఆయనకి ఇంకా చెప్పలేదు. పొద్దున్నుంచీ నోటిదాకా వస్తోంది, ఆగిపోతోంది. నిజం చెప్పిన మనిషిని రెండేళ్లు అబద్ధాలకోరుని చేశాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను? నేను కూడా నమ్మలేదురా ఆయన్ని. "పోనీలెండి, మర్చిపోయుంటారు" అన్నాను. ఓదార్పుగానే అన్నాను. ఆ మాటకి ఆయన అన్నం మధ్యలో లేచెళ్లిపోయారు…

నువ్వే చెప్తావా? ఎట్లా చెప్తావు, మీకు మాటల్లేవుగా?… నేనే చెప్పాలా. ఇవాళేనా? అయిదులోపా? బోటు కొన్నాక చెప్తే కుదరదా?… కుదరదు. సరే. చెప్తాను, చెప్తాను. స్నానం నుంచి రానీ. నీళ్లు ఇంకా…

…

నీళ్ల చప్పుడు లేదు.

ఆ… జాకెట్టు రేపు ఇస్తానమ్మా, చేతులు కొంచెం వదులు చేసి…

…

ఎప్పట్నుంచి నిలబడ్డారండీ?

…

పెట్టెయ్యకు, నువ్వు ఉండు… మీ బావ. తువ్వాలు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. చెవి మీద సబ్బు నురగ కూడా కడుక్కోలేదు. ఎర్ర తాడు అన్న దగ్గర్నుంచీ విన్నారట.

కత్తెర వైపు చూస్తున్నారు… దగ్గరికొచ్చారు. కత్తెర విప్పుతున్నారు… నా మాట వినండి, నాకు తెలీక… నిజంగా తెలీకండీ, మీ చొక్కా బాగుండాలనే… నేను ఆ రోజు మిమ్మల్ని నమ్మలేదు. అదీ తప్పే. రెండూ నావే…

…

ఏంట్రా? ఏం చేస్తున్నారనా? ఆ కొక్కెం బనీనుకి తగిలించుకున్నారు. లాగి చూస్తున్నారు, గట్టిగా ఉందా లేదా అని. "ఇట్లాగే తగిలించుకున్నాను" అంటున్నారు. "ఆ రోజు ఇట్లాగే."

అవునండీ. ఇట్లాగే తగిలించుకున్నారు. నేనే తీశాను.

…

కూర్చున్నారురా. ఇస్త్రీ బట్టల మీద కూర్చున్నారు, నేనేం అనట్లేదు.

ఏంటండీ?… నేను అడగనా?… ఒరేయ్, మీ బావ అడుగుతున్నారు. నీలందానికి తొంభై పెట్టచ్చా అని… కూడదంటున్నాడండీ. వెనకనుంచి నీళ్లెక్కుతాయట. రేకు మీద ఎంతుంటే అంతేనట… ఆ, సరేనన్నారురా. ఒక్కమాటకి సరేనన్నారు, నామీద ఒట్టు.

మరి తెల్లదానికి ఎంత పెట్టాలి అంటున్నారు… నూటపదిహేనంటున్నాడండీ. రేకు మీద నూటయాభై ఉంది కాబట్టి, మనుషులందరూ ఎక్కినా అది చాలట. తక్కువైతే బోటు ముక్కు పైకెత్తుకుని ఈడ్చుకుంటూ పోతుందట, పెట్రోలు తాగేస్తుందట… నూటపదిహేను. ఆ.

తొంభై చాలదా అంటున్నారు, తెల్లదానికి… ఆరుగురే ఎక్కితే చాలునంటున్నాడు. తొమ్మిదిమందైతే చాలదట.

…

ఏమండీ. తొమ్మిదిమందా కాదా, మీరే చెప్పాలి.

…

అదేంటండీ, లేచి వెళ్తున్నారు?… వెళ్లట్లేదురా. పుస్తకం తీశారు. కొలతల పుస్తకం. మీ ముగ్గురి పేజీ చూస్తున్నారు… ఏంటి? ఇవి పాతవి, పనికిరావు, మళ్లీ తియ్యాలి అంటున్నారు. బుజ్జిదాన్ని రేపు తీసుకురమ్మను అంటున్నారు… బుజ్జిదాన్ని ఒక్కదాన్నేనా అండీ? అయిదేళ్ల పిల్ల ఒక్కత్తీ ఎట్లా వస్తుంది?

ఒరేయ్, ఇట్లా మధ్యలో నేను ఎన్నాళ్లు అటూ ఇటూ మోస్తాను? నాకు గుర్రాలూ తెలీవు, రేకులూ తెలీవు. ఫోన్ ఆయనకి ఇస్తున్నాను… ఏంటి, ఏం మాట్లాడాలో తెలీట్లేదా? రేవు రేవంతటికీ కథలు చెప్పినవాడివి, నీకు మాటలు లేవా?

ఇదిగోండి, పట్టుకోండి. వాడు లైన్లోనే ఉన్నాడు. ముక్కు ఎగబీలుస్తున్నాడు, నాకు వినిపిస్తూనే ఉంది. చిన్నవాడు, వాడికి నోరు రాదు. ముందు మీరే హలో అనండి… అబ్బ, హలో అంటే ఏం పోతుందండీ? ఫోన్ ఎత్తితే ఎవరితోనైనా అంటాం కదా ఆ ముక్క.

…

హలో అనమంటే "ఏరా" అన్నారు. పోనీ, అదే అనండి… నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నాను. మీరు మాట్లాడుకోండి. నేను పెద్దదాని ఫోన్ తీసుకుని కొట్టాయనకి చెప్తాను, తెల్లది ఎవరికీ ఇవ్వద్దని.